అద్భుతం కోసం గోదావరి దాటి

అద్భుతం ఒకటి పట్టుకురమ్మని మా సంపాదకులయ్యగారు కార్డు రాశారు.

ఈ పత్రికలో ఆరేళ్ళుగా నెలనెలా ఒక పేజీ రాస్తున్నాను. మెట్‌పల్లి బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ, ఆదివారం గుడిలో విన్నదీ వారమంతా చూసిందీ కలిపి రాయడం నా అలవాటు. మొదట్లో మీలో చాలామంది ఉత్తరాలు రాసేవారు. ఈమధ్య తగ్గిపోయాయి. తప్పు మీది కాదు. రెండేళ్ళుగా నేను రాసినదాంట్లో ఉప్పు లేదు. పొద్దున బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపించేవి, అంతే. వాన పడితే బట్టలు తీయాలని గుర్తొచ్చేది, అంతే. నాకే ఏమీ అనిపించనప్పుడు మీకేం అనిపిస్తుంది?

ఖానాపూర్ దగ్గరి పల్లెలో యాకోబు అనే కూలిమనిషికి ఐదేళ్ళ గుడ్డితనం ప్రార్థనతో పోయిందట. క్రిస్మస్ సెలవుల్లో వెళ్ళి అతని సాక్ష్యం రాసుకురండి, పాఠకులు అడుగుతున్నది ఇలాంటిదే అని కార్డులో ఉంది. ఆ సాయంత్రమే సంచి సర్దుకున్నాను. నిజం చెప్పాలంటే పత్రిక కోసం కంటే నా కోసమే. పెద్ద అద్భుతాన్ని దగ్గరగా చూస్తే, నాలో ఆరిపోయిందేదో మళ్ళీ అంటుకుంటుందేమోనని ఆశ.

రేవు దాకా

తెల్లవారి మొదటి బస్సు. అద్దాల్లేని కిటికీల్లోంచి పసుపు చేల వాసన, మంచు కలిసి లోపలికి వస్తున్నాయి. పక్క సీట్లో ఒకామె కోళ్ళగంప ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఎక్కడికని అడిగింది. ప్రార్థనతో కండ్లు వచ్చిన మనిషిని చూడబోతున్నానన్నాను. ఆమె నమ్మిందో లేదో గాని, కొంగు విప్పి గుప్పెడు రేగుపండ్లు నా చేతిలో పోసింది. ప్రార్థన చేసినాయన చేతిలో అంత మహిమ ఉంటే మోకాళ్ళకు కూడా పనిచేస్తుందేమో కనుక్కోమంది. నా నోటుపుస్తకం మొదటి పేజీలో ఆమె పేరు రాసుకున్నాను: మల్లవ్వ, మోకాళ్ళు.

బస్సు రేవు దాకే. అక్కడ దిగి చూస్తే నది లేదు. మంచు ఉంది, మంచులోంచి మాటలు వినిపిస్తున్నాయి. ఎవరో నవ్వారు, ఎక్కడో ఎద్దుమెడలో గంట మోగింది. కాసేపటికి తెల్లటి లోతులోంచి ఒక పడవ ముక్కు తేలింది. అర్ధరూపాయి ఇచ్చి ఎక్కాం. పడవవాడు గడ వేసినప్పుడల్లా చిన్న చప్పుడు, ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. వెనక ఒడ్డు మాయమైంది. ముందు ఒడ్డు ఇంకా పుట్టలేదు. మా పడవలో ఉన్న ఎనిమిది మందిమే లోకం అన్నట్టుంది.

నడిమి ధారలో కొందరు నీళ్ళలోకి నాణేలు విసిరి దండం పెట్టుకున్నారు. మా ఇంట్లో ఆ ఆచారం లేదు. నేను చెయ్యి నీళ్ళలో పెట్టి ఊరుకున్నాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. అంత చలిలో అలా ఎందుకుంటాయో నాకు తెలియదు.

అవతలి ఒడ్డున దిగుతూ బురదలో కాలు జారాను. నాకేం కాలేదు, సంచి మాత్రం నీళ్ళలో మునిగింది, కలం ఎక్కడో జారిపోయింది. నోటుపుస్తకం తీసి చూస్తే పేజీలన్నీ అంటుకుపోయాయి. మల్లవ్వ మోకాళ్ళు నీలిమరకై కారిపోతున్నాయి. పడవవాడు దాన్ని చూసి, "పోనీ తియ్యుండ్రి, గోదారమ్మ సదువుకుంటది" అన్నాడు.

ఖానాపూర్

కొత్తగా మండలమైన ఊరు. ఆఫీసు బోర్డు మీద రంగు ఇంకా మెరుస్తోంది. బస్‌స్టాండు దగ్గర ఒక సాయిబు హోటల్లో కూర్చున్నాను. మా దిక్కు ఆ వేళకు ఇడ్లీయో ఉప్మాయో దొరుకుతుంది. ఇక్కడ జొన్నరొట్టె, పిట్ల పెట్టారు. పిట్ల అంటే శనగపిండిని పచ్చిమిర్చితో ఉడికించిన ముద్దకూర, మరాఠీ ఊళ్ళనుంచి నది ఒడ్డున నడిచొచ్చిన వంట. కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చాయ్ నలభై పైసలు, గ్లాసు నిండా.

యాకోబు ఇల్లు ఎక్కడని సాయిబును అడిగాను. ఆయన చాయ్ వడగట్టడం ఆపకుండానే, ఆ మనిషి రోజూ ఇటే పోతాడని చెప్పాడు. పోతూపోతూ దుకాణం ముందు ఆగి పాలు పొంగడం చూస్తాడట. పాలు గిన్నె అంచు దాకా వచ్చి, దించగానే మళ్ళీ కిందికి పోతాయి కదా, అది. "పావుగంట నిలవడతడమ్మా. గిరాకీలకు అడ్డం. ఫికర్ లేదు, ఉండనియ్యి అనుకుంట. ఆయన జూసిన కాడికెల్లి నేను గూడ జర జూస్తున్న." అలా చెప్పి సాయిబు కొంచెం సిగ్గుపడ్డాడు.

యాకోబు ఇల్లు

ఊరు దాటి రెండు మైళ్ళు నడక. పత్తి చేల మధ్య పది పన్నెండు ఇళ్ళు. యాకోబు వాకిట్లో కూర్చుని తట్ట అల్లుతున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. లోటా అడుగంత మందం అద్దాలు, దారంతో తలకు కట్టుకున్నాడు. ఆ అద్దాల వెనక ఒక కన్ను పెద్దగా, ఆశ్చర్యంగా ఉంది. రెండోది ఇంకా తెల్లగానే ఉంది. భార్య రూతమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి, గోనెపట్టా పరిచి కూర్చోబెట్టింది. నా పుస్తకం సంగతి చూసి, ఏమీ అడక్కుండానే తీసుకెళ్ళి పెంకుల మీద ఎండకు వేసింది. రాసుకోవడానికి ఇక నా దగ్గర ఏమీ లేదు. వింటూ కూర్చున్నాను.

సాక్ష్యం చెప్పమని అడిగితే యాకోబు ఇబ్బందిగా భార్య వైపు చూశాడు.

"ప్రార్థన చేసిండ్రు, నిజమే. పాస్టరయ్య తలమీద చెయ్యి పెట్టిండు. గా తర్వాత పది దినాలకు బడిల కండ్ల క్యాంపు పెట్టిండ్రు. నన్ను బండిల ఏసుకొని పోయిండ్రు. డాక్టరు ఆపరేషన్ చేసిండు. గీ సంగతి అడిగినోళ్ళందరికి చెప్పిన టీచరమ్మా. నేను ఆపరేషన్ మాట ఎత్తంగనే కలం ఆపుతరు."

నా దగ్గర ఆపడానికి కలం కూడా లేదు. అయినా లోపల ఏదో ఆగింది. ఇంత దూరం వచ్చింది దీనికా అనుకున్నాను. ఆ నిరాశ ముఖంలో కనిపించి ఉంటుంది. రూతమ్మ చాయ్ పెడతానని లేచి, వెళ్ళకుండా అక్కడే తలుపును ఆనుకుని నిలబడి కట్టు విప్పిన రోజు సంగతి చెప్పింది.

ఐదేళ్ళు ఆమే అతని చెయ్యి పట్టుకుని నడిపింది. ఆ ఐదేళ్ళలో ఆమె ముందుపళ్ళు రెండు ఊడిపోయాయి, తల నెరిసింది. అతనికి గుర్తున్నది పాత మొఖం. కట్టు విప్పే రోజు ఆమెకు భయం పట్టుకుంది. బడి గోడ వెనక పోయి నిలబడింది. లోపల నర్సు వేళ్ళు చూపించి ఎన్ని అని అడగడం, అతను సరిగా చెప్పడం వినిపించింది. తర్వాత రూతూ, రూతూ అని పిలిచాడు. వెళ్ళలేదు. నర్సే వచ్చి రెక్క పట్టి లోపలికి తీసుకుపోయింది. కొంగు మొఖానికి అడ్డం పెట్టుకుంది. అతను కొంగు తీశాడు.

ఏమన్నాడని అడిగాను.

"ఏమనలే. మస్తుసేపు జూసిండు. జూసి, గీ దవడ మీద మచ్చ ఎప్పుడైంది, నాకు చెప్పలేదు గదా అన్నడు. పొయ్యికాడ కాలింది అది. కండ్లు లేనోనికి చెప్పి పరేషాన్ చేసుడెందుకని చెప్పలే. గా ఒక్క మాటకు నేను గాడనే కూలవడ్డ."

చెప్పి లోపలికి పోయింది. యాకోబు తల వంచుకుని తట్ట అల్లుతున్నాడు. కాసేపటికి తలెత్తి నన్ను ఒకటి అడిగాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఊరికి కొత్తగా వచ్చినవాడు తెలిసినవాణ్ణి అడిగినట్టు అడిగాడు.

"టీచరమ్మా, మీకు పుట్టినకాడికెల్లి కండ్లున్నయి. ఏమేం జూసిండ్రో జర చెప్పుండ్రి."

నలభై ఏడేళ్ళు నిండిన కళ్ళు నావి. వెతుక్కున్నాను. హైదరాబాదులో చార్మినార్ చూశానన్నాను. ఎట్లుంటుందన్నాడు. నాలుగు మినార్లుంటాయన్నాను. మీద పావురాలుంటాయా అన్నాడు. గుర్తు లేదు. నీడ ఎటు పడుతుందన్నాడు. అదీ గుర్తు లేదు. సముద్రం చూశారా అన్నాడు. చూశాను, ఒకసారి కాకినాడలో సభలకు పోయినప్పుడు. ఏ రంగు అన్నాడు. నీలం అన్నాను, పుస్తకంలో చదివినదే చెబుతున్నానని నాకే తెలిసింది. అతను మర్యాదగా తల ఊపి మళ్ళీ తట్ట అందుకున్నాడు.

జొన్నచేలో

ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. పొద్దున్నే యాకోబు నన్ను పక్క జొన్నచేనికి తీసుకుపోయాడు. ఊసబియ్యం తినిపిస్తానన్నాడు. లేత జొన్నకంకులు కాల్చి, వేడివేడిగా అరచేతుల్లో నలిపి ఊదుకుని తినడం, అదీ ఊసబియ్యం. మా దిక్కు మక్కజొన్న కంకులు కాలుస్తారు గాని ఇది తక్కువ.

పావుగంట నడక గంట పట్టింది. అతను ఆగినచోటల్లా నేనూ ఆగాను. సాలెగూడు మీద మంచుచుక్కలు. గట్టు మీద చీమలు జొన్నగింజను మోసుకుపోతూ ఒక పుల్ల దగ్గర సలహా చేసుకుంటున్నాయి. కంకి తొడిమ దగ్గర ఒక సన్నటి ఎర్రగీత ఉంటుంది. మీరు చూశారా? నేను పుట్టినప్పటినుంచి జొన్న తింటున్నాను, ఆ గీతను ఆ పొద్దునే చూశాను. యాకోబు దేన్నీ వర్ణించలేదు. "అగ్గో" అనేవాడు, అంతే. నేను అటు చూసేదాన్ని.

పొగ మధ్య కూర్చుని తింటున్నప్పుడు అసలు సంగతి చెప్పాడు. పక్క గూడెంలో ఎర్రవ్వ అనే ముసలామెకు కూడా కంట్లో అదే తెల్లపొర. ఇతని కళ్ళు ప్రార్థనతో వచ్చాయని విని, రోజూ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి ప్రార్థన చెయ్యమంటుంది. ఇతను చేస్తాడు. క్యాంపు మళ్ళీ పెడతారట, పొమ్మంటే వినదు.

"దేవుడు చేసినంక డాక్టరెందుకు అంటది. నా పేరు జెప్పి ఇంకో ఇద్దరు గూడ గట్లనే కూసున్నరు. నేను సదువు రానోన్ని, నా మాట నిలవడుతలేదు. అచ్చుల పడితే అందరు ఇంటరు. రాస్తరా టీచరమ్మా?"

చేతిలో గింజలు చల్లారిపోయాయి. తినడం ఆపేశాను. ఎందుకో ఇప్పుడు మీకూ చెప్పాలి.

రెండేళ్ళ కిందట మా అవ్వకు, అంటే మా అమ్మకు, కడుపులో గడ్డ అని తేలింది. ఆపరేషన్ చేయించమన్నారు డాక్టరు. నా తమ్ముడు సామేలు కాగజ్‌నగర్ కాగితపు మిల్లులో పనిచేస్తాడు. వెంటనే వచ్చి, హైదరాబాద్ తీసుకుపోదామన్నాడు. నేను అప్పటికి మీ అందరికీ తెలిసిన రచయిత్రిని. రెండు నెలలు ప్రార్థన చేసి చూద్దామన్నాను. ఈ పేజీలోనే రాశాను కూడా, మా అవ్వ లేచి నడుస్తుంది, మీరూ ప్రార్థించండని. రెండు నెలల తర్వాత తీసుకుపోతే ఆలస్యమైందన్నారు. అవ్వ పోయింది. ఆ సంగతి మీకు రాయలేదు. ఎలా ఉన్నారని ఉత్తరాలు రాసినవారికి జవాబివ్వలేదు. అవ్వను మట్టిలో పెట్టిన రోజు సామేలు నాతో మాట్లాడకుండా వెళ్ళాడు. మళ్ళీ మేం కలవలేదు.

ఇదంతా ఆ చేలో, పొగ కళ్ళలోకి కొడుతుంటే, మొదటిసారి నోటితో చెప్పాను. అన్నం మూట తెచ్చిన రూతమ్మ కూడా నిలబడి విన్నది. తమ్ముడికి ఇది చెప్పుకున్నారా అని అడిగింది. దేవుడికి చెప్పుకున్నానన్నాను.

"దేవుడైతే గప్పుడే ఇన్నడు" అంది రూతమ్మ. "తమ్ముడు ఇనాలె గదా."

అందుకని యాకోబు అడిగింది ఇక్కడ రాస్తున్నాను. అతని కన్ను బడిగదిలో, డాక్టరు చేతిలో తెరుచుకుంది. అతను అందుకు దేవుణ్ణి స్తుతిస్తాడు, డాక్టరు పేరు కూడా చెబుతాడు. మీ ఇంట్లో ఎవరి కంటికైనా పొర వచ్చి ఉంటే తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యండి, తర్వాత అదే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపొండి. సంపాదకులయ్యగారు ఈ నాలుగు మాటలు తీసేయరని నమ్ముతున్నాను.

టేకు అడవి

మెట్‌పల్లి దారి పట్టి రేవుకు పోవలసినదాన్ని, ఖానాపూర్ నుంచి మంచిర్యాల బస్సు ఎక్కాను. జన్నారం అడవిలో దారి పొడవునా టేకు ఆకులు రాలుతున్నాయి. విస్తరాకంత ఆకు. కొమ్మ వదిలాక నేల చేరడానికి తొందరపడదు. ఒకసారి ఇటు ఒరిగి, ఒకసారి అటు ఒరిగి, గాలిలో కాసేపు పడుకుని దిగుతుంది. బస్సులో సగం మంది నిద్రపోతున్నారు. చెట్ల మధ్య ఎండ పొడుగ్గా పడి, ఆగిపోయి ఉంది. కళ్ళు తెరిచే కల కంటున్నట్టుంది. భయంగా కూడా ఉంది. సామేలు తలుపు తీయకపోతే ఏం చేయాలో నేను ఆలోచించుకోలేదు.

మంచిర్యాలలో రైలు ఎక్కాను. పెట్టెలో ఒక పెద్దాయన ఏ ఊరు, ఎవరింటికి అని అడిగితే తమ్ముడింటికి అన్నాను. ఆ మాట నా నోట వచ్చి రెండేళ్ళయింది.

కాగజ్‌నగర్

స్టేషన్ నుంచి రిక్షాలో పోతుంటే వెదురు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. ఊరంతా ఏదో ఉడుకుతున్న వాసన. వెదురును ఉడకబెట్టి కాగితం చేస్తారని రిక్షా అతను చెప్పాడు. ఇన్నేళ్ళు రాసింది వెదురు మీదనా అని ఆశ్చర్యపోయాను. సామేలు నాకు ఎప్పుడో చెప్పే ఉంటాడు. నేను విని ఉండను.

మరదలు శాంత తలుపు తీసింది. వదినె అని గట్టిగా పట్టుకుంది. సామేలు డ్యూటీలో ఉన్నాడు. నీళ్ళు కాచి స్నానం చేయించి, అన్నం పెట్టబోయింది. తమ్ముడు రానీ అన్నాను. ఇంట్లో రెండేళ్ళుగా అన్నం ముందు ప్రార్థన లేదని, ఆయన గుడికి కూడా రావడం లేదని మెల్లగా చెప్పింది.

సామేలు సాయంత్రం వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. నేను అనుకున్న మాటలన్నీ పోయి, ఒక్కటే మిగిలింది.

"తమ్మీ, తప్పు నాదే. అవ్వను నేను తోల్కపోనియ్యలే."

చెప్పులు విప్పబోయినవాడు మళ్ళీ తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. శాంత పిలిచినా తిరిగి చూడలేదు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. మళ్ళీ రైలు ఎప్పుడని శాంతను అడిగాను. ఆమె కండ్లు తుడుచుకుంది.

అరగంటకు వచ్చాడు. చేతిలో ఆకులో కట్టిన మాంసం. శాంతకు ఇచ్చి, కారం తక్కువ వెయ్యమన్నాడు. నేను కారం తక్కువ తింటానని అతనికి గుర్తుంది. నా ఎదురుగా నేలమీద కూర్చుని చాలాసేపు గోళ్ళు చూసుకున్నాడు.

"నేను గూడ నీకు ఒకటి చెప్పలే అక్కా" అన్నాడు. "నువ్వు బడికి పోయినప్పుడు అవ్వను నేను ఒక్కన్నే అడిగిన. పోదాం పా అన్న. కత్తి వద్దు బిడ్డా, నాకు భయమైతుంది, అక్క ప్రార్థన చేస్తున్నది గదా, గట్లనే ఉండనియ్యి అన్నది. ఎవ్వలకు చెప్పకు అన్నది. నేను చెప్పలే. అవ్వ మీద కోపం పెట్టుకోరాదు గదా, నీ మీద పెట్టుకున్న."

పొయ్యి దగ్గర ఉల్లిగడ్డ వేగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇద్దరం గట్టిగ అడిగితే అవ్వ ఒప్పుకుంటుండె కావచ్చు" అన్నాను.

"కావచ్చు" అన్నాడు.

అవ్వ భయపడిందన్న సంగతి నాకు తెలియదు. నేను ప్రార్థన చేస్తున్నప్పుడు ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. విశ్వాసం అనుకున్నాను. భయపడిన మనిషి చెయ్యిని రెండు నెలలు పట్టుకుని కూర్చున్నాను, తెలియకుండానే. అది తలచుకుంటే మొదటిసారి ఏడుపు వచ్చింది. సామేలు లేచి లోటాతో నీళ్ళు తెచ్చిచ్చాడు.

శాంత ముగ్గురికీ కంచాలు పెట్టింది. పెద్దదాన్ని నేనే, ప్రార్థన నేనే చెయ్యాలి. చేతులు జోడించాను గాని మాట రాలేదు. కాసేపు ఎదురుచూసి సామేలు గొంతు సవరించుకున్నాడు. మా బాపు కూలినుంచి వచ్చి అన్నం ముందు చేసే చిన్న ప్రార్థన అది. "తండ్రీ, అన్నం ఇచ్చినవు. తినేతందుకు ఆకలి ఇచ్చినవు. పక్కన కూసునేతందుకు మనిషిని ఇచ్చినవు."

అతను కళ్ళు మూసుకున్నాడు. శాంత మూసుకుంది. నేను మూయలేదు. అన్నం మీద ఆవిరి లేచి, దీపం వైపు వంగి, కనిపించకుండా పోతోంది. సామేలు బొటనవేలికి మిల్లులో అయిన కోత మానిన గుర్తు ఉంది, అది ఎప్పుడైందో నాకు తెలియదు, అడగాలి. కనురెప్పలు మా అవ్వవే. ఆమేన్ అనేదాకా అతన్నే చూస్తూ కూర్చున్నాను.